మూడో కాపీ దాకా

ఇల్లు,
నవంబరు 4

జిగురుకి,

ఆఖరి రోజు ఏం జరిగిందో రాయమని అడిగావు. రాస్తున్నాను. ఒక్కసారే రాస్తాను. మళ్ళీ అడగకు.

అక్టోబరు పదకొండు. మీ అక్క ఆరింటికి లేచింది. రెండు చెంచాల పాలు తాగింది. మూడోది వద్దంది. తొమ్మిదింటికి నర్సు వచ్చి దుప్పటి మార్చింది. పదకొండింటికి నువ్వొచ్చావు. మీరిద్దరూ ఏదో గుసగుసలాడుకుంటున్నారు. నేను గదిలోకి రాగానే ఆపేశారు. పన్నెండున్నరకి నిన్ను ఇంటికి పొమ్మంది. "రెండు రాత్రులు నిద్రలేదు వీడికి. మొహం చూడు, పిండిలో ముంచి తీసినట్టుంది" అంది. నువ్వు వెళ్ళావు.

రెండింటికి పుస్తకం చదివి వినిపించమంది. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో నన్ను చదవమని అడగడం అదే మొదలు. ఈ ఏడాది పద్నాలుగో పుస్తకం. సగం దగ్గర చీటీ పెట్టి ఉంది. నేను నీళ్ళ పరీక్ష రిపోర్టు చదివినట్టు చదువుతున్నానంది. "కామా దగ్గర కాస్త ఆగు. ఎవరూ తరమడం లేదు" అంది. కాసేపటికి, "అధ్యాయం మధ్యలో ఆపకు" అంది. అదే ఆఖరి మాట.

ఆపలేదు. పంతొమ్మిది పేజీలు. అయ్యాక తలెత్తి చూశాను. ఏ పేజీ దగ్గర పోయిందో నాకు తెలియదు. డాక్టరు వచ్చి నాలుగుంపావు అని రాశాడు. ఆ టైము తప్పు.

ఇంతే జరిగింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ "పెద్దగా బాధపడకుండా వెళ్ళిపోయింది" అంటున్నారు. వీళ్ళకెవరు చెప్పారు? నిన్న ఒకాయనకి తలుపు దగ్గరే చెప్పాను, ఇంట్లో ఎవరూ లేరని. నన్ను చూస్తూనే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పుస్తకాల సంగతి. ఈ ఏడాది ఆమె చదివిన పదమూడూ నువ్వు సంచిలో వేసుకుని పోయావు, బైండు చేసి ఇస్తానని. పద్నాలుగోది నా దగ్గర ఉంది. డిసెంబరు ముప్ఫై ఒకటిన మా ఇంట్లో జరిగేది నీకు తెలుసు. ప్రతి ఏడూ వచ్చి ఆ మూల స్టూలు మీద కూర్చునేవాడివి. ఆ ఏడాది చదివినవన్నీ మీ అక్క వంటింటి బల్ల మీద వరసగా పేర్చేది. ఒక్కోదాని వెనక ఖాళీ పేజీలో పెన్సిలుతో రాసుకున్నది పైకి చదివేది. తీర్పులు మూడే. మళ్ళీ చదవచ్చు. ఎవరికైనా ఇచ్చెయ్యచ్చు. బల్ల కాలి కింద పెట్టచ్చు.

నేను కళ్ళజోడు తుడుచుకుంటూ ఊఁ కొట్టేవాణ్ణి. ఒక్క ముక్క వినేవాణ్ణి కాదు. ఆమెకి తెలుసు. "నీకు చెప్పాలంటే మూడో కాపీ దాకా నొక్కాలి" అనేది. పార్సెల్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు కార్బన్ కాగితాలు పెట్టి రాసిన మనిషి. పెన్సిలు పట్టినా ముల్లు విరిగేలా నొక్కేది.

ఈసారి ఆ పేజీలు నేను చదువుతాను. డిసెంబరు ఇరవైకల్లా పుస్తకాలు పంపు.

బావ


బైండింగు షాపు,
నవంబరు 16

బావగారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు కత్తిరింపు మిషను జోలికి పోలేదు. మనసు ఎటో ఉంటే వేళ్ళుండవు కదా. అడిగినందుకు రాశారు, అంతే చాలు. ఆ పంతొమ్మిది పేజీలూ అక్క విందనే నేననుకుంటాను.

పుస్తకాల గురించి ఒక మాట చెబుతాను, కోప్పడకండి. ఈ ఏడాదికి వదిలెయ్యండి బావా. చలికి జిగురు (నేను కాదు, డబ్బాలోది) ఎండి చావడం లేదు. పైగా ఆఫీసు రిజిస్టర్లు రెండు వందలు నెత్తిమీద కూర్చున్నాయి. మార్చిలోనో ఏప్రిల్లోనో తీరిగ్గా బైండు చేసి నేనే మోసుకొచ్చి పెడతాను. ముప్ఫై ఒకటిన ఊరికే వస్తాను. ఇద్దరం కూర్చుందాం. పుస్తకాలు లేకపోతే ఏం, బల్ల కాలి కింద ఆవిడ పెట్టిన ఆ లావుపాటి నవల ఉందిగా! దాన్ని బయటికి తీసి, ఎందుకంత శిక్ష వేసిందో చూద్దాం.

అన్నం వేళకి తినండి. ఇది నా మాట కాదు, అక్క మాట.

మీ జిగురు


నీళ్ళ పరీక్ష గది,
నవంబరు 19

జిగురుకి,

ఇరవై అంటే ఇరవై. జిగురు ఎండకపోతే ఎండనట్టే పంపు. ఊరికే రానక్కరలేదు.

బావ


ఇల్లు,
డిసెంబరు 20

జిగురుకి,

పార్సెల్ వచ్చింది. మీ అక్క పనిచేసిన కౌంటర్లోనే తీసుకున్నాను. అక్కడ కూర్చున్నావిడ కంప్యూటరు మీట నొక్కి రసీదు ఇచ్చింది. రాయనే లేదు.

పదమూడు పుస్తకాలు. మొదటిది జనవరిలో చదివింది, ఓడలో వంటవాడు రాసుకున్న జ్ఞాపకాలు. వెనక పేజీలో ఆమె రాత ఉంది. "ఈయన ఉప్పు గురించి నాలుగు పేజీలు రాశాడు, పెళ్ళాం గురించి నాలుగు లైన్లు. అయినా ఆ నాలుగు లైన్లలోనే ఉప్పు ఉంది. మళ్ళీ చదవచ్చు." రెండోది హత్య కథ. "హంతకుడు డెబ్బయ్యో పేజీలో దొరికిపోయాడు. మిగతాది మర్యాద కోసం చదివాను. బల్ల కాలు." మూడోది తేనెటీగలు పెంచేవాళ్ళ కథ. "కుట్టలేదు. ఎవరికైనా ఇచ్చెయ్యచ్చు."

నవ్వాను. ఒంటరిగా, వంటింట్లో, పైకి. రెండు నెలల తర్వాత.

నాలుగోది తెరిచాను. వెనక పేజీ ఖాళీ. ఐదోది ఖాళీ. పదమూడు దాకా అంతే. ఖాళీ కూడా కాదు. రుద్ది రుద్ది నున్నగా చేసిన పేజీలు. కుట్ల సందులో రబ్బరు పొడి ఇంకా ఉంది.

నువ్వు ఏం చేశావో నీకు తెలుసా? ఆ మనిషి గొంతు నాకు మిగిలింది ఆ పేజీల్లోనే. ఫొటోలు మాట్లాడవు. చీరలు మాట్లాడవు. నేను వినని మాటలు ఆ పెన్సిలు గీతల్లో ఉన్నాయి. వాటిని నువ్వు రబ్బరు పెట్టి రుద్దావు. తుడిచి, పొట్లం కట్టి, తాడు బిగించి, నాకే పంపావు.

ఆ పని కూడా సరిగ్గా చేతకాలేదు నీకు. పది పుస్తకాల అట్టలు పైకి లేచి నిలబడ్డాయి. మొదటి మూడే చదునుగా ఉన్నాయి. అసలు మార్చి నుంచీ నీ కుట్టు నిలిచింది ఎప్పుడు? ప్రతి మంగళవారం ఆమె ఏదో ఒక ఊడిన పుస్తకం సంచిలో పెట్టుకుని నీ షాపుకి బస్సెక్కేది. "మీ తమ్ముడి కుట్టు వారం కూడా ఆగదేం? పుస్తకానికి కూడా వారం వారం జబ్బు చేస్తుందా?" అన్నాను ఒకసారి. సంచి సర్దుకుని వెళ్ళింది.

జవాబు రాయి. లేదా రాయకు. ముప్ఫై ఒకటిన మాత్రం నా గుమ్మం తొక్కకు.

బావ


బైండింగు షాపు,
డిసెంబరు 22

బావగారికి,

తప్పయింది. మీరు నాలుగు తన్నినా తక్కువే.

అలవాటు బావా. బైండింగుకి వచ్చిన పుస్తకంలో పెన్సిలు మరకలుంటే రుద్దేయడం మా పనిలో ఉన్నదే. కొత్తదానిలా చేసి ఇస్తేనే మనిషి మళ్ళీ వస్తాడు. పని ఒత్తిడిలో ఏ పుస్తకం ఎవరిదో చూసుకోలేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. తెలిసేసరికి అయిపోయింది.

ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మీ జిగురు


నీళ్ళ పరీక్ష గది,
డిసెంబరు 24

జిగురుకి,

మసిబూసి మారేడుకాయ చెయ్యకు. నా పని పరీక్షలు. అబద్ధం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నమూనాలు పదమూడు. మూడింటిలో రాత ఉంది. పదింటిలో లేదు. ఆ మూడూ జనవరి, ఫిబ్రవరి పుస్తకాలు. పదీ మార్చి నుంచీ చదివినవి. అలవాటుకి నెలలు తెలియవు. చెయ్యి దాని పని అది చేసుకుపోతే పదమూడూ పోవాలి. నువ్వు చదివావు. చదివి, ఏవి ఉంచాలో ఏవి తీయాలో ఎంచుకున్నావు. కూర్చుని, తాపీగా, పేజీ పేజీ రుద్దావు.

ఇంకొకటి. నవంబరులో "మార్చిలోనో ఏప్రిల్లోనో" అన్నావు. అంటే నేను మరిచిపోతానని ఎదురుచూశావు. తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నావు.

ఆ పది పుస్తకాల్లో నేను చదవకూడనిది ఏముంది? అక్టోబరు పదకొండున నేను గదిలోకి రాగానే మీరిద్దరూ ఏం మాట ఆపేశారు?

వేలు విడిచిన చుట్టం అడగడం లేదు. ఆమె మొగుణ్ణి అడుగుతున్నాను. ఈ ఉత్తరానికి కూడా అబద్ధమే రాస్తే నీకూ నాకూ మధ్య ఉన్న ఒక్క మనిషీ పోయిందనుకుంటాను. ఆ తర్వాత నువ్వెవరో నేనెవరో.

బావ


బైండింగు షాపు,
డిసెంబరు 27

బావా,

"గారు" రాయడానికి చేతులు రావడం లేదు. ఇక దాచి చేసేదీ లేదు.

అక్కే చెరిపెయ్యమంది. ఆఖరి రోజు మీరొచ్చినప్పుడు ఆపేసిన మాట అదే. "మార్చి నుంచీ నేను రాసినవి చెరిపెయ్ రా. ఆయన ఇన్నేళ్ళూ వినలేదు. ఇప్పుడు మొదలుపెడతాడు, నాకు తెలుసు. బతికుండగా ఊఁ కొట్టిన మనిషి పోయాక ఒక్కో అక్షరం చదివి కుమిలిపోతాడు" అంది. ఒట్టు పెట్టించుకుంది.

మార్చి రెండో మంగళవారం నేనే తనని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు ఆ రోజే చెప్పేశాడు. ఆలస్యమైపోయింది, ఏం చేసినా నెలో రెండు నెలలో తేడా అన్నాడు. ఏడాది దాటదన్నాడు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. నేను ఏడుస్తున్నాను. తను చేతిలో ఉన్న పుస్తకం తీసి అధ్యాయం అయ్యేదాకా చదివి, అప్పుడు లేచింది.

మీకు చెబుదామన్నాను బావా, ఒకసారి కాదు, వందసార్లు అన్నాను. అప్పుడు మీరు ఆ రెండు వీధుల నీళ్ళ గొడవలో ఉన్నారు. పిల్లలు జబ్బుపడుతున్నారని, పైపు మార్చాలని మీ పైవాళ్ళతో కొట్లాడుతున్నారు. అక్క ఏమందో అన్నట్టే రాస్తున్నాను. "ఇప్పుడు చెబితే కాగితాలన్నీ అక్కడే పారేసి నా మంచం పక్కన కూర్చుంటాడు. ఆ పిల్లలు ఆ నీళ్ళే తాగుతారు. పైపు మారనీ, చెబుతాను." జులై ఆఖర్లో పైపు మారింది. ఆగస్టు మూడున మీకు చెప్పింది, అప్పుడే తెలిసినట్టు.

మంగళవారాలు షాపుకి కాదు, ఆస్పత్రికి. మందులు ఇక్కడ నా జిగురు డబ్బాల పక్కన దాచేది. ఇక కుట్ల సంగతి. నా కుట్టు ఎప్పుడూ ఊడలేదు బావా. నేనే విప్పేవాణ్ణి. మరుసటి వారం రావడానికి సాకుండాలి కదా. బాగున్న పుస్తకం తీసుకుని, బ్లేడుతో నాలుగు కుట్లు కోసి ఇచ్చేవాణ్ణి. "చూడు, మా ఆయన నీ పనితనాన్ని తిట్టిపోస్తున్నాడు" అని నవ్వేది. ఇరవై ఏళ్ళ పనిలో నా చేత్తో నేను పాడుచేసిన పుస్తకాలు అవే.

ఆ పేజీల్లో పుస్తకం గురించి రెండు లైన్లుంటే మిగతాదంతా మీ గురించే. ఏమని ఉందో నేను రాయను. ఒట్టు తిన్నాను. చెరిపాను. మొదటి పేజీకి అరగంట పట్టింది.

కానీ ఒకటి చెప్పాలి. బైండు చేశాక పుస్తకాన్ని ఒక రాత్రంతా ప్రెస్సు కింద బిగించాలి. అప్పుడే అట్ట చదునుగా కూర్చుంటుంది. ఆ పదీ నేను ప్రెస్సులో పెట్టలేదు. అట్టలు లేచాయని తిట్టారు, అందుకే లేచాయి. రుద్దాక పేజీని కిటికీ దగ్గర పట్టుకుంటే, అక్క నొక్కిన నొక్కులన్నీ అలాగే ఉన్నాయి. రబ్బరుకి పోయింది నలుపు మాత్రమే. ప్రెస్సులో పెడితే అవి కూడా చదునైపోయేవి. నాలుగుసార్లు ప్రెస్సు చక్రం దాకా చెయ్యి వెళ్ళింది. తిప్పలేకపోయాను.

అక్కకిచ్చిన మాట సగం నిలబెట్టాను, సగం తప్పాను. మీ ఇద్దరి దగ్గరా దొంగనే. ఏం చేస్తారో మీ ఇష్టం. చదవద్దని అక్క తరఫున అడుగుతున్నాను. చదవండని నా తరఫున అనలేను.

జిగురు


ఇల్లు,
డిసెంబరు 30

జిగురుకి,

నిన్న నీ ఉత్తరం అందింది. నీళ్ళ సీసాలు ముందు పెట్టుకుని చదివాను. తర్వాత నలభై సీసాలు పరీక్షించాను. రిపోర్టు రాశాను. ఇంటికొచ్చాను. అప్పుడు కోపం వచ్చింది.

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు. అలాగే రాస్తున్నాను.

నీ మీద కోపం ఉంది. ఐదు నెలలు నా ఎదుట కూర్చుని, నా ఇంట్లో టీ తాగి, వాతావరణం గురించి మాట్లాడావు. క్షమిస్తానో లేదో నాకు తెలియదు. ఇప్పుడు మాత్రం లేదు.

మీ అక్క మీద అంతకంటే ఎక్కువ కోపం ఉంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. పోయినవాళ్ళ మీద కోపం కూడదంటారు. నాకుంది. ఆ వీధులవాళ్ళు ఆగస్టు ఒకటిన మీటింగు పెట్టి నన్ను మెచ్చుకున్నారు. ఆమె రెండో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఇంటికి వస్తూ, "ఇవాళ బాగా మాట్లాడావు. కామాల దగ్గర కూడా ఆగావు" అంది. అప్పటికి ఆమెకి తెలిసి ఐదు నెలలు. నాకు ఏది ముఖ్యమో ఆమె తేల్చేసింది. నన్ను అడగలేదు. ఆ పిల్లల్ని వదిలేసేవాణ్ణా? వదిలేసేవాణ్ణేమో. ఆ తప్పు చేసే హక్కు నాకుండాలి. ఆమెతో గడపగలిగిన ఐదు నెలలు పై అధికారుల గుమస్తాలతో గడిపాను.

నా సంగతి చెప్పనక్కరలేదు. సీసాని వెలుగుకి పట్టి నలుసు ఉందో లేదో చెప్పడమే నా ఉద్యోగం. ఎదురుగా కూర్చుని అన్నం కెలుకుతున్న మనిషి ఎందుకు సన్నబడుతోందో అడగలేదు. కుట్లను తిట్టాను.

చెరిపిన పదింటిలో నాలుగు చదివాను, ఈ పది రోజుల్లో. ఆమె ఏమనేదో ఊహిద్దామని మొదలుపెట్టాను. ఊహకి అందలేదు. నా తీర్పే వచ్చింది. దీపాల కొట్టువాడి నవల మళ్ళీ చదవచ్చు. చివర్లో వాడు తన కొట్టులో దీపమే వెలిగించుకోడు. చిన్న కథల పుస్తకం ఎవరికైనా ఇచ్చెయ్యచ్చు. ఒకటి మాత్రం చాలా బాగుంది. దాన్ని గురించి మాట్లాడాలనిపించింది. ఆమె కుర్చీ వైపు తిరిగాను. పుస్తకాలు చదివేవాళ్ళకి ఏడాది చివర ఎందుకంత ఆత్రమో ఇన్నాళ్ళకి తెలిసింది. చదివింది ఎవరికో ఒకరికి చెప్పాలి. ఆ ఒకరు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంటే ఎలా ఉంటుందో కూడా తెలిసింది.

బల్ల కాలి కింద నవల తీశాను. ఆమె తీర్పు సరైనదే. మళ్ళీ అక్కడే పెట్టాను.

నువ్వు చదవద్దని అడిగావు. సాయంత్రం పరీక్ష గది టార్చి తెచ్చి, నాలుగో పుస్తకం వెనక పేజీ మీద పక్కనుంచి వెలుగు వేశాను. మార్చి పుస్తకం. నొక్కులు కనిపించాయి. ఒక్క వాక్యం చదివాను. "ఇవాళ నవ్వుతూ ఇంటికొచ్చాడు, పాడుచెయ్యడం ఎందుకు, రేపు చెబుతాను." టార్చి ఆర్పేశాను.

అంటే చెప్పాలనుకుంది. అలాంటి రోజులు ఆ పది పుస్తకాల్లో ఎన్నున్నాయో నాకు తెలియాలి. కుమిలిపోతానని ఆమెకి భయం. కుమిలిపోతాను. అది నా పని. నాతో వాదన మొదలుపెట్టి మధ్యలో లేచి వెళ్ళింది. నా జవాబు నేను చెప్పుకోవాలి. చెప్పాలంటే ముందు ఆమె ఏమందో వినాలి.

ఇంకో సంగతి. ఆమె మనసులో నిజంగా చెరిపెయ్యాలనే ఉంటే ఆ రబ్బరు తనే పట్టుకునేది. పార్సెల్ ఆఫీసులో తప్పు రాస్తే తన చేత్తో తనే కొట్టేసి సంతకం పెట్టేది. ఇంకొకరి చేత ఎప్పుడూ చేయించలేదు. నీకు అప్పజెప్పింది, నువ్వు పూర్తిగా చెయ్యలేవని తెలిసేనేమో. ఇది నా ఊహ. రుజువు లేదు.

నువ్వు ప్రెస్సు చక్రం తిప్పనందుకు ఒక్క మాట అనాలి. అనలేకపోతున్నాను. కోపం తగ్గాక అంటాను. వచ్చే నెల ఏదో ఒక మంగళవారం ఆ పది పుస్తకాలూ తెస్తాను. ప్రెస్సులో పెట్టకు. మూల స్టూలు నీ షాపులోనూ ఒకటుందిగా, తుడిచి ఉంచు.

రేపు ముప్ఫై ఒకటి. పొద్దున్న ఏడింటికి వంటింటి కిటికీలోంచి ఎండ పక్కవాటుగా బల్ల మీద పడుతుంది. పుస్తకాలన్నీ ఇప్పుడే వరసగా పేర్చాను. రేపు పొద్దున్న కళ్ళజోడు ముందే తుడుచుకుని కూర్చుంటాను. మార్చి పుస్తకం వెనక పేజీ ఎండకి వంచి పట్టుకుని, కనపడ్డది కనపడ్డట్టు పైకి చదువుతాను. కామాల దగ్గర ఆగుతాను. మధ్యలో ఆపను.

బావ